రేపు వేటకు పోవద్దు

రాకెట్టు ఎగిరే ముందురోజు
నా ఆటోకి మైకు కడతారు.
తడ నించి భీములవారిపాలెం దాకా
గొంతు బొంగురుపోయేదాకా తిరుగుతా:
"రేపు పొద్దున నించి పొద్దుగూకేదాకా
సముద్రం మీదికి ఎవురూ వేటకు పోవద్దహో!"
రోజుకు ఆరొందలు, డీజిలు వాళ్లదే.
చెప్పేదాంట్లో అబద్ధం వీసమెత్తు లేదు.
లోపల ఏం జరగతాదో మాత్రం
నాకిచ్చిన కాయితంలో ఉండదు.

కాయితం కింద మిగిలిన తెల్లజాగాలో
తలా ఒక ముక్క రాసుకుంటారు మావాళ్లు.

సూళ్లూరుపేట ఐసు డిపోలో
లెక్కలు రాసే కోదండం అంటాడు:
"చందమామ మీద దిగిందంతా ఉత్తదే అబ్బయా,
ఏ కృష్ణపట్నం బూడిదగుంటలోనో తీసుంటారు.
రెండుచోట్లా ఉండేది బూడిదేగా!"
డిపో అంతా నవ్వుద్ది.
ఇరవై రెండేళ్ల కిందట
క్యాంటీను పనికని కొత్తచొక్కా తొడుక్కుని పోతే
పాసులో పేరుకి ఒక అక్షరం తప్పుందని
గేటుకాణ్ణించే తిప్పి పంపేశారు వాణ్ణి.
ఆ అక్షరం ఇప్పటికీ వాడి గొంతులో అడ్డం.

రొయ్యల షెడ్డులో మస్తాన్‌బీ అంటది:
"ఆ అదురుకే పిల్ల రొయ్యంతా తేలిపోయిందంట."
ఎవురన్నారు?
గుంటల యజమాని పెంచలనాయుడు.
ఎప్పుడన్నాడు?
నాలుగు వారాల కూలి ఎగ్గొట్టిన రోజు.
ఆకాశం మీదికి నెట్టేస్తే
బాకీ ఎవుడు వసూలు చేస్తాడు?

పడవ కాటయ్యదింకో కత.
శబ్దానికి చేపలన్నీ ఒరిస్సా పారిపోయినాయంట.
చీకటితో లేచి మాత్రం
చేపలు యాడున్నాయో ఫోన్లో చూసుకుని పోతాడు.
"ఆ ఫోనుకి పైనించి చెప్పేదెవురు మామా?" అంటే
వల విదిలించి
నామీద ఇంత బురద చల్లి పోతాడు.

నేను అందరికీ తల ఊపుతా.
మైకోడికి సొంత మాట ఉండకూడదు.

పీతల గంప చెంచమ్మ ఒక్కతే ఊపనియ్యలేదు.
ఐసు కోసం నిలబడి, కోదండం మాట విని
గంప దించింది.
"ఉత్తదా?
అది లేచే తావునే మా నాయన తేనె తీసినాడు.
కలివిపండ్లు ఏ పొద కింద పండతాయో
కళ్లు మూసుకుని చెప్పేవోడు.
పడవెక్కించి ఈ ఒడ్డున దించినాక
ఏ చెట్టూ పేరు చెప్పలేక పోయినాడు.
ఉత్తదే అయితే
మా నాయన్ని దేనికెక్కించినార్రా పడవ?
అది పోవాల.
చందమామ కాడికి పోవాల, ఆడ దిగాల.
నా ఎదాన అది ఉత్తదనొద్దు."

ఐసు కరిగి కోదండం లెక్కలపుస్తకం తడిసింది.
తుడుచుకోను గూడా లేదు వాడు.

మర్నాడు సాయంత్రం
ముందు వెలుగొచ్చింది,
కొంగల గుంపు ఉప్పునీళ్ల మీంచి లేచింది,
ఆనక శబ్దం వచ్చి
డిపో రేకుల్ని పట్టి కుదిపింది.
అందరికంటే ముందు మిద్దెక్కినోడు కోదండం.
మనవరాలు భుజాన,
పది, తొమ్మిది, ఎనిమిదని ఇద్దరూ కలిసే లెక్క.
మబ్బులో ఆ నిప్పు దూరిపోయినాక గూడా
వాడి మొహం పైకే ఉంది.

తెల్లారి మళ్లీ డిపోలో:
"అంతా లైటింగు అబ్బయా."
కాకుంటే ఈసారి
గుమ్మం వైపు ఒకసారి చూసి
గొంతు తగ్గించి అన్నాడు.

మైకు విప్పి అప్పజెప్పొచ్చా.
పోవద్దని చెప్పడానికి కాయితం ఇస్తారు గానీ
ఇంక పోవచ్చని చెప్పమని
ఇన్నేళ్లలో ఎవురూ నన్ను పిలవలేదు.
దరిలో చెంచమ్మ
నీళ్లలో మోకాలి దాకా దిగి
కాసేపు పైకి చూసింది,
గాలి వాసన చూసింది,
తనకు తనే చెప్పుకుని
తెడ్డు అందుకుంది.